బెంగళూరు నుంచి చెన్నైకి: నా పద్దుల పుస్తకంలో తేలిన లెక్క

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో చెన్నైలో కాపురం బెంగళూరు కంటే చవక అంటూ ఒక పట్టిక వేశారు. బాడుగ, పాలు, బియ్యం, మెట్రో టికెట్టు, హోటల్లో ఇద్దరి భోజనం, అన్నీ రెండు వరసల్లో రాసి కింద ఒక శాతం తేల్చారు. నేను దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. మెచ్చుకుని కాదు. సరిగ్గా అలాంటి పట్టికే అంతకు పది రోజుల ముందు మా వారి కంపెనీ వాళ్లు ఆయన చేతిలో పెట్టారు. అప్పటి నుంచి మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక నడిచేదంతా ఈ రెండు ఊళ్ల పంచాయితీయే.

మా వారిది కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ విభాగం. ఇప్పుడు హొస్కోటె వైపు పని. చెన్నై దగ్గర ఒరగడంలో ఉన్న ప్లాంటుకి వెళ్తావా అని అడిగారు. చేతికొచ్చే జీతం ఇప్పుడు 78,000, అక్కడ 86,000 ఇస్తామన్నారు. ఇంకొంచెం చూడండి సార్ అని ఈయన అంటే, ఏదో వెబ్‌సైట్‌లోంచి తీసిన కాగితం చూపించి, "చెన్నైలో ఖర్చు 15 శాతం తక్కువ, ఆ లెక్కన మీకు పెరిగేది ఎనిమిది వేలు కాదు, ఇంకా ఎక్కువే" అన్నారట. ఈయన నోరు మూసుకుని ఇంటికొచ్చారు. ఆయనకి కాగితం మీద అంకెలుంటే నమ్మే అలవాటు ఎక్కువ. నాకేమో అంకెలు రాసే అలవాటుంది.

మాది నెల్లూరు జిల్లా కావలి. 11 ఏళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో, ఒకే ఇంట్లో ఉంటున్నాం. మొదటి నెల నుంచీ పొడుగు నోటు పుస్తకంలో పద్దు రాస్తున్నాను. కొత్తిమీర కట్ట కూడా వదలను. మా చెల్లెలు ఎగతాళి చేస్తుంది గానీ, ఈ పుస్తకాలు లేకపోతే ఆ కంపెనీ కాగితానికి నేను జవాబు చెప్పగలిగేదాన్ని కాదు. పిల్లల్ని మా అత్తగారి దగ్గర వదిలి, మూడు రోజులు చెన్నై వెళ్లి వచ్చాను. తాంబరంలో మా పిన్ని కూతురి ఇంట్లో దిగి, ఇళ్లు చూసి, స్కూళ్లు చూసి, అంగళ్లలో ధరలు అడిగి రాసుకున్నాను. ఒరగడానికి కంపెనీ బస్సు తాంబరం మీదుగానే వెళ్తుంది కాబట్టి మేం ఉండాల్సింది ఆ చుట్టుపక్కలే.

ముందుగా మీ పట్టిక నిజం చెప్పిన చోటు ఒప్పుకుంటాను. బాడుగ తక్కువే. ఇక్కడ మేం కట్టేది 22,000, మెయింటెనెన్స్ 1,800. పశ్చిమ తాంబరంలో ఇంతకంటే కాస్త వెడల్పు ఇల్లు 17,000కి దొరికింది, మెయింటెనెన్స్ 1,500. నెలకి 5,300 మిగులు. మా వారు ఇప్పుడు బండి మీద హొస్కోటె వెళ్లి వస్తారు, నా స్కూటీతో కలిపి పెట్రోలుకి నెలకి 3,600. అక్కడ కంపెనీ బస్సు కాబట్టి, నా స్కూటీకి వెయ్యి చాలు. ఇంకో 2,600 మిగిలింది. ఇక్కడి దాకా చూసి మా వారు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను.

అడ్వాన్సు సంగతి. బెంగళూరులో మేం దిగినప్పుడు బాడుగ 12,000, అడ్వాన్సు పది నెలలది, అంటే 1,20,000. అది 11 ఏళ్లుగా వడ్డీ లేకుండా ఓనరు గారి దగ్గరే ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ పట్టుకుంటారు. మనం దిగినప్పటి బాడుగ కాదు, ఇప్పటిది, 22,000. చెన్నైలో ఐదు నెలల అడ్వాన్సు అడిగారు. తమిళనాడులో 2017లో చేసిన బాడుగ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే మూడు నెలల బాడుగకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ "వేరేగా రాసుకోకపోతే" అన్న మాటలోనే ఓనర్లందరూ సుఖంగా కాపురం ఉంటున్నారు. నేను చట్టం సంగతి ఎత్తగానే బ్రోకరు నవ్వి, "అమ్మా, ఈ ఇంటికి సాయంత్రం ఇంకో ఇద్దరు వస్తున్నారు" అన్నాడు. చట్టం మీద మాట్లాడటం అక్కడితో అయిపోయింది. ఆ బ్రోకరుకి ఒక నెల బాడుగ, 17,000.

అడ్వాన్సు వెనక్కి వచ్చే డబ్బే కదా అంటారు. వస్తుంది. కానీ ఇక్కడిది చేతికి రాకముందే అక్కడ 85,000 కట్టాలి. నెలో రెండు నెలలో ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి? నా గాజులు బ్యాంకులో పెట్టాలి. దాని వడ్డీ ఏ పట్టికలోనూ లేదు.

ఇప్పుడు కరెంటు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చెన్నైలో నేర్చుకున్న అసలు పాఠం ఇదే. కర్ణాటకలో గృహజ్యోతి పథకం 2023లో వచ్చింది. మన సగటు వాడకానికి పది శాతం కలిపి, 200 యూనిట్ల లోపు ఉంటే బిల్లు సున్నా. బాడుగకి ఉండేవాళ్లకీ వర్తిస్తుంది. మా ఇంట్లో ఏసీ లేదు. బెంగళూరులో ఏప్రిల్ నెల తప్పితే ఫ్యాను కూడా రెండో నంబరులోనే తిరుగుతుంది. కాబట్టి నా పుస్తకంలో కరెంటు పద్దు పక్కన రెండేళ్లకు పైగా గీత తప్ప అంకె లేదు.

తమిళనాడులో కూడా ఉచితం ఉంది, అందరికీ రెండు నెలలకి 100 యూనిట్లు. బిల్లు రెండు నెలలకోసారి. మీ పట్టికలో "కరెంటు: రెండు ఊళ్లలోనూ సబ్సిడీ ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను చూసిన ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. కింద మెట్ల దగ్గర మీటరు పెట్టెలు. కింది వాటా మీటరుకి పాత పాలకవరులో పెట్టిన తెల్ల కార్డు ఒకటి దారంతో వేలాడుతోంది. ఈబీ కార్డు అంటారు దాన్ని, ఈబీ అంటే కరెంటు బోర్డు. రీడింగు తీయడానికి వచ్చినాయన తేదీ, రీడింగు, యూనిట్లు పెన్నుతో రాసి పోతాడు. కింది వాటాలో ఉండేది కూడా మాలాగే నలుగురు, ఒక ఏసీ. ఆమెని అడిగి ఆ కార్డు విప్పి నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను: ఫిబ్రవరి 230, ఏప్రిల్ 410, జూన్ 690, ఆగస్టు 640, అక్టోబరు 520, డిసెంబరు 300. జూన్ అంకె దగ్గర సిరా చెదిరి ఉంది. చెమట చెయ్యి పడిందేమో అనుకున్నాను.

అక్కడ ఒక మెలిక ఉంది. రెండు నెలల్లో 500 యూనిట్ల లోపు వాడితే కింది శ్లాబులో తక్కువ రేటు పడుతుంది. 500 దాటితే దాటిన యూనిట్లకి ఎక్కువ రేటు పడటమే కాదు, కిందనున్న చవక రేటూ పోతుంది. అంటే 495 వాడినవాళ్లకీ 505 వాడినవాళ్లకీ మధ్య తేడా పది యూనిట్లది మాత్రమే కాదు. కింది వాటా ఆవిడకి ఆరు బిల్లుల్లో మూడు అలా దాటినవే. ఏడాదికి అన్నీ కలిపి 12,000కి కాస్త అటూ ఇటూ అయిందని ఆమె చెప్పింది. నెలకి వెయ్యి. ఏసీ లేకుండా ఉండలేమా అని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందకి చూసి, "మే నెలలో ఒకసారి రండి, అప్పుడు చెప్పండి" అంది. ఏసీ, దాన్ని బిగించడం, 38,000.

మీకు నా మొదటి విన్నపం ఇదే. ఇల్లు మారేవాళ్లకి చదరపు అడుగు రేటు కంటే ఆ మీటరు దగ్గరున్న కార్డు ఎక్కువ చెబుతుంది. బాడుగ బేరం మొదలుపెట్టకముందే ఆ కార్డు గానీ, పాత బిల్లులు గానీ చూపించమని అడగండి అని రాయండి. అలాగే సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరే వసూలు చేసే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోట ప్రభుత్వం ఇచ్చే 100 యూనిట్ల ఉచితం మనదాకా వస్తుందో, మధ్యలో ఆగిపోతుందో ముందే తేల్చుకోవాలి. నేను చూసిన రెండో ఇంట్లో ఇదే సంగతి అడిగితే ఓనరమ్మ మాట మార్చి, మీరు మాంసం తింటారా అంది.

తింటాం. అందుకే ఇప్పుడు చేపల పద్దు.

మేం నెల్లూరోళ్లం. చేపల పులుసు లేని ఆదివారం మాకు ఆదివారం కాదు. కానీ బెంగళూరులో మంచి వంజరం కిలో 750 పెట్టాలి, అదీ ఐస్‌లో ఎన్నాళ్లున్నదో తెలియదు. కాబట్టి నెలకోసారి తెచ్చుకుంటాం. పద్దులో 750. తాంబరం మార్కెట్లో అదే వంజరం 450కి ఇచ్చింది ఒకామె, కళ్లు మెరుస్తున్న చేప. మీ పట్టిక ప్రకారం నాకు కిలోకి 300 మిగలాలి. కానీ 450కి తాజా చేప దొరికే ఊళ్లో మా ఇంట్లో నెలకోసారి వండుతానా? వారం వారం వండుతాను. నెలకి 1,800. ధర తగ్గింది, ఖర్చు వెయ్యి చిల్లర పెరిగింది. రెండు ఊళ్లలోనూ మనం ఒకే సరుకు, ఒకే కొలతలో కొంటామని ఆ వెబ్‌సైట్ల వాళ్లు ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు. ఊరు మారితే నోరు కూడా మారుతుంది.

మెట్రో కూడా అంతే. బెంగళూరు మెట్రోలో 2025 ఫిబ్రవరిలో టికెట్లు పెంచి, గరిష్ఠం 60 నుంచి 90 చేశారు. చెన్నైలో గరిష్ఠం 50. పట్టికలో ఇది చెన్నైకి పెద్ద ప్లస్సు. మా ఇంటి నుంచి మా వారి ఫ్యాక్టరీకి ఇక్కడ మెట్రో లేదు, తాంబరం నుంచి ఒరగడానికి అక్కడా లేదు. మాకు రెండుచోట్లా మెట్రో ఖర్చు సున్నా.

బస్సు మాత్రం నాకు నచ్చింది. ఇక్కడ శక్తి పథకంలో ఆడవాళ్లు బస్సు ఉచితంగా ఎక్కాలంటే కర్ణాటక చిరునామా ఉన్న కార్డు చూపించాలి. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆమెకి టికెట్టు, నాకు సున్నా టికెట్టు. తమిళనాడులో 2021 నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ బస్సులు ఉచితం. కండక్టరు నన్ను ఏ ఊరని కూడా అడగలేదు, టికెట్టు చేతిలో పెట్టి ముందుకు నడిచాడు. 2025 ఆగస్టు నుంచి ఆంధ్రాలోనూ ఉచితం కాబట్టి మా అమ్మకి కావలిలో టికెట్టు లేదు, చెన్నైలో లేదు, ఒక్క బెంగళూరులోనే ఉంది. ఆటోల సంగతి అడగొద్దు. చెన్నైలో ప్రభుత్వం పెట్టిన మీటరు రేటు 2013 నాటిది, 1.8 కిలోమీటర్లకి 25 రూపాయలు. ఆ రేటుకి రమ్మంటే ఆటో ఆయన నన్ను జాలిగా చూశాడు.

తాగే నీళ్లు. మా వీధి చివర ఆర్‌ఓ ప్లాంటులో కాయిన్ వేస్తే 20 లీటర్లు 5 రూపాయలకి వస్తాయి. నెలకి 15 క్యాన్లు, 75 రూపాయలు. తాంబరంలో క్యాను ఇంటికి తెచ్చి వేసేది 35. అదే 15 క్యాన్లకి 525. మా జిల్లా కండలేరు నుంచే కృష్ణా నీళ్లు కాలువలో పూండి దాకా పోతాయి. 1983లో రామారావు గారు, ఎం.జి.ఆర్. గారు కూర్చుని చేసుకున్న తెలుగు గంగ ఒప్పందం అది. మా చిన్నప్పుడు ఆ కాలువ గురించి స్కూల్లో పాఠం చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ వైపుకే పోయి నేను క్యాను 35కి కొనాలి. బెంగళూరూ తక్కువేం తినలేదులెండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం కొట్టుకున్నప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఇంటికి 1,100 చొప్పున అదనంగా వేసుకున్నాం. ఆ రెండు పద్దులూ మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి నా పుస్తకంలో. చెన్నై 2019 వేసవి సంగతీ, 2015 డిసెంబరు వరద సంగతీ మా పిన్ని కూతురు చెబుతూనే ఉంది. తాంబరం పక్కన ముడిచూరులో ఇంట్లోకి నీళ్లొచ్చి, బీరువా అడుగు అర ఉబ్బిపోయి తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదట. అందుకే కింది వాటాలు నేను చూడనే లేదు. మొదటి అంతస్తుకి వెయ్యి ఎక్కువైనా సరే అన్నాను.

స్కూలు ఫీజులు అక్కడ కాస్త తక్కువే. ఇద్దరికీ కలిపి ఇక్కడ ఏడాదికి 1,40,000, అక్కడ చూసిన స్కూల్లో 1,20,000. కానీ చేరేటప్పుడు ఒక్కసారికి కట్టేది ఇద్దరికీ 50,000. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు కొత్తగా 22,000. పాత యూనిఫారాలు ఏం చేసుకోవాలి, బండి తుడవడానికి పనికొస్తాయి. ఇక భాష. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం పదో తరగతి వరకు తమిళం చదవాలి. మా పెద్దమ్మాయి ఏడో తరగతి. ఇన్నేళ్లు కన్నడం నేర్చుకుంది, గుండ్రంగా ముత్యాల్లా రాస్తుంది. కన్నడం తెలిస్తే తెలుగు చదవడం కూడా సగం వచ్చేస్తుంది, లిపి దగ్గర దగ్గరే కాబట్టి. ఇప్పుడు 12 ఏళ్ల పిల్ల మూడేళ్ల పిల్లలతో సమానంగా తమిళం అక్షరాలు దిద్దాలి. దానికి ట్యూషన్, ఇద్దరికీ నెలకి 2,500 అన్నారు. డబ్బు సరే. "అమ్మా, నేను క్లాసులో ఫస్టు వస్తాను కదా, అక్కడ లాస్టు వస్తే?" అని రాత్రి అడిగింది. ఆ ప్రశ్న ఏ వరసలో రాయాలో నాకు తెలియలేదు.

సొంతూరు ప్రయాణం మాత్రం చెన్నైలో బంగారం. ఇక్కడి నుంచి కావలికి రైలు ఉంది, శేషాద్రి. కానీ పండగలకి టికెట్టు దొరకడం కల్ల. ప్రైవేటు బస్సే గతి. మామూలు రోజుల్లో మనిషికి 750, సంక్రాంతికి 1,600. నలుగురం రానూ పోనూ. పోయినేడు నాలుగుసార్లు వెళ్లాం, మొత్తం 30,800. చెన్నై నుంచి నెల నెలా వెళ్లినా స్టేషను ఆటోలతో కలిపి ఒక్కో విడతకి 1,400, ఏడాదికి 16,800. లోకల్ రైలెక్కి పార్క్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే సెంట్రలే. తాంబరం నుంచే బయలుదేరి నెల్లూరు మీదుగా హైదరాబాద్ వెళ్లే చార్మినార్ కూడా ఉంది. మా అమ్మ ఒంటరిగా ఉంటుంది, షుగరు మాత్రలు మర్చిపోతుంటుంది. నెలకి వెయ్యి చిల్లర మిగలడం కంటే ఆమెని నెలకోసారి చూడటం నాకు పెద్ద సంగతి.

అయితే రైలు మనకి దగ్గరైతే బంధువులకీ దగ్గరే. నెల్లూరోళ్లకి చెన్నై అంటే పెద్దాసుపత్రి, పట్టుచీరలు. మా పిన్ని కూతురు ఇంట్లో నేనున్న మూడు రోజుల్లోనే, మోకాలి నొప్పి చూపించుకోవడానికి వచ్చిన పెదనాన్న, ఆయనకి తోడుగా వచ్చి పాండీ బజారు చూడాలన్న పెద్దమ్మ, పెళ్లి చీరలకని వచ్చిన ఆడపడుచు వాళ్లు ముగ్గురు. పొద్దున ఇడ్లీ పిండి నాలుగు కిలోలు రుబ్బింది పాపం. "వస్తే సంతోషమే అక్కా, నెలకి రెండు మూడు వేలు ఇట్టే పోతాయి" అంది గొంతు తగ్గించి. నేను రెండు వేలు వేసుకున్నాను. ఇది రాస్తున్నందుకు మా వాళ్లు ఏమీ అనుకోవద్దు. మీరు రాకపోతే బాధపడతాను, వస్తే పద్దు రాస్తాను.

మా వారికి పన్నులో ఒక ఆశ ఉండేది. ఆదాయపు పన్ను 1962 నిబంధనల్లో హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి బాడుగ భత్యం, మినహాయింపు లెక్కకి జీతంలో 50 శాతం చూసే నగరాలు నాలుగే ఉండేవి, వాటిలో చెన్నై ఉండేది. బెంగళూరు 40 శాతం జాబితాలో ఉండేది. ఆఫీసులో ఎవరో చెప్పారట, చెన్నై వెళ్తే పన్ను మిగులుతుందని. కానీ ఈయన కొత్త పన్ను విధానం ఎంచుకున్నారు, అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. ఆ ఆశ ఒక పూటలో అయిపోయింది.

ఇక చివరి వరస. కంపెనీ కాగితంలో గానీ, మీ పట్టికలో గానీ లేనిది.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మొదట్లో ఫాల్స్, పీకోతో మొదలుపెట్టాను. తర్వాత లైనింగ్ జాకెట్లు, ఇప్పుడు మగ్గం వర్కు కూడా పట్టుకుంటున్నాను. ఖర్చులు పోగా నెలకి సగటున 8,500. శ్రావణమాసంలో ఇంకా ఎక్కువ. ఈ 8,500 ఒక్కరోజులో రాలేదు. మూడో క్రాసులో టీచరమ్మ ఒక జాకెట్టు ఇచ్చి, నచ్చి, స్టాఫ్‌రూములో చెబితే పదిమంది వచ్చారు. పక్క అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకి నా ఇల్లు తెలుసు, "టైలర్ అక్క" అంటే చూపిస్తాడు. ఎవరికి చెయ్యి బిగుతు కావాలో, ఎవరికి మెడ లోతు వద్దో నాకు కొలతల పుస్తకం తెరవకుండా తెలుసు. 11 ఏళ్ల పని అది. తాంబరంలో నా మిషను దించేసరికి నా పేరు తెలిసినవాళ్లు సున్నా. పైగా భాష. "చంక దగ్గర కొంచెం పట్టేసినట్టుంది" అన్నది తమిళంలో ఎలా చెబుతారో, ఎలా విని సరిచేయాలో నేర్చుకోవడానికే ఆరు నెలలు పడుతుంది.

కంపెనీ వాళ్లు పెంచుతానన్నది 8,000. నాకు పోయేది 8,500. ఈ మాట చెప్పినప్పుడు మా వారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ పైసలు నేనెప్పుడూ లెక్కలో వేసుకోలేదు" అన్నారు. అవును, వేసుకోలేదు. పిల్లల పుట్టినరోజు బట్టలు, ట్యాంకరు డబ్బులు, సంక్రాంతి బస్సు టికెట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయనుకున్నారో మరి. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన చూసే పట్టికల్లో ఆ వరస ఎప్పుడూ లేదు.

అన్నీ కూడాను. బాడుగ, పెట్రోలు, ఊరి ప్రయాణం, ఫీజుల తేడా, ఇవన్నీ కలిపి చెన్నైలో నెలకి మిగిలేది సుమారు 10,700. నీళ్లు, కరెంటు, చేపలు, చుట్టాలు, తమిళం ట్యూషను, నా కుట్టుపని పోవడం, ఇవి కలిపి 15,500. పెరిగే జీతం 8,000 వేసుకుంటే చివరికి చేతిలో పడేది 3,200. ఇది కాక, ఒక్కసారి పెట్టి మళ్లీ చేతికి రాని డబ్బు: లారీవాళ్లకి 32,000, ఇక్కడ పెయింటింగ్ 22,000, బ్రోకరుకి 17,000, ఏసీ 38,000, స్కూల్లో చేరడానికి 72,000. మొత్తం 1,81,000. కంపెనీ సామాను తరలింపుకి 25,000 ఇస్తుంది, అదీ బిల్లులు చూపిస్తే. మిగిలిన 1,56,000ని 3,200తో భాగిస్తే 48 నెలల పైన. నాలుగేళ్లకి మేం బయలుదేరిన చోటికి వస్తాం. కర్ణాటక నంబరు బళ్లు రెండింటినీ ఏడాదిలోపు అక్కడికి మార్పించుకునే ఖర్చు ఇందులో వేయలేదు. నా కుట్టుపని అక్కడ ఏడాదిలో పుంజుకుంటే లెక్క మారుతుంది, అదీ నిజమే.

ఈ పేజీ మా వారు ఫోనులో ఫోటో తీసుకుని ఆఫీసుకి పట్టుకెళ్లారు. వెబ్‌సైట్ కాగితం చూపించినాయన ఇది చూసి ముందు నవ్వి, తర్వాత చేపల వరస దగ్గర ఆగి, మీది నెల్లూరా అని అడిగారట. ఆయనది గూడూరట. సామాను తరలింపు, స్కూలు చేరిక, రెండూ కలిపి లక్ష ఇప్పించడానికి పైవాళ్లకి రాస్తానన్నారు. వస్తుందో రాదో ఈ నెలాఖరుకి తెలుస్తుంది. వస్తే ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక వెళ్తాం. రాకపోతే శ్రావణమాసం ఆర్డర్లు ఇక్కడే తీసుకుంటాను.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇకమీదట ఇలాంటి పట్టిక వేసేటప్పుడు పాలప్యాకెట్టు ధర, సినిమా టికెట్టు ధర పక్కన, ఊరు మారిన ఒక నలుగురైదుగురు పాఠకుల ఇంటి పద్దు కూడా వేయండి. మారకముందు ఆరు నెలలు, మారాక ఆరు నెలలు. ఇంట్లో ఆడవాళ్ల సంపాదనకి ఒక వరస పెట్టండి, అది ట్యూషన్లయినా, పచ్చళ్లయినా, చీటీల కమిషనయినా సరే. ముందుగా నా పద్దు పంపుతున్నాను. పోయిన 12 నెలల పేజీల జెరాక్సు దీనికి జతచేశాను. నా పేరు మాత్రం వేయొద్దు. మా ఓనరు గారు చిత్తూరాయన, పొద్దున్నే మీ పేపరు చదివాకే కాఫీ తాగుతారు, ఖాళీ చేసే సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.

మార్చి పేజీలో పాల పద్దు చివర సున్నాలా కనిపించేది అంకె కాదు, గ్లాసు పెట్టిన మరక. ఆ నెల పాలకి 2,140 మాత్రమే అయింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు.